ఇల్లు మరచినవారికి వీధి తోడు

నగరంలోని బహుళ అంతస్తుల భవనాలలో ప్రతి అంతస్తూ ఒకే తీరుగా ఉంటుంది. అవే మెట్లు, అవే తలుపులు, అదే రంగు. జ్ఞాపకశక్తి సన్నగిల్లిన పెద్దలకు అదొక పద్మవ్యూహం. పాలప్యాకెట్ కోసం కిందికి దిగినవారు తిరిగివచ్చి పై అంతస్తువారి తలుపు తడతారు. చూసినవారు నవ్వుతారు. మరునాటి నుంచి ఇంటివారు గుమ్మానికి తాళం వేస్తారు.

ఆ తాళం వేయించేవి భయమూ, బిడియమూ. అయితే డిమెన్షియా దాచుకోవలసిన లోపం కాదని గ్రహించండి. అది మెదడుకు సోకిన జబ్బుల వలన కలిగే స్థితి. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారని 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. వారిలో అత్యధికులు ఇళ్లలోనే, అయినవారి సంరక్షణలోనే కాలం గడుపుతున్నారు.

పగలంతా నెమ్మదిగా ఉన్నవారే సంధ్యవేళకు కలతపడటం కద్దు. సొంత ఇంట్లో కూర్చునే "ఇంటికి పోదాం" అంటారు. వాదించకండి. "అలాగే, కాసేపు నడిచి వద్దాం" అంటే తరచుగా మనసు కుదుటపడుతుంది. నిన్నటి భోజనం గుర్తులేనివారు సైతం చిన్ననాడు నేర్చిన కీర్తనను తడబడక పాడగలరు. ఒత్తులు చేయడం, పూలమాల కట్టడం, బియ్యం ఏరడం వంటి పనులు వారి చేతులకు అప్పగించండి. ఇంట్లో తమకొక స్థానమున్నదన్న తృప్తి వారికి కలుగుతుంది.

రద్దీ రోడ్లపైకి వారిని ఒంటరిగా పంపమని ఎవరూ చెప్పరు. కాని నిత్యం ఒకే వేళకు, ఒకే దారిలో, తోడుగా నడిపించవచ్చు. ఆ దారిలోని వాచ్‌మన్‌కు, కిరాణా దుకాణదారుకు, ఇస్త్రీబండి అతనికి, గుడి పూజారికి విషయం చెప్పి ఉంచండి. ఇంటి తలుపుకు వారు గుర్తుపట్టే తోరణమొకటి కట్టండి. జేబులో పేరు, ఫోన్ నంబరు గల చీటీ ఉంచండి. ఇటీవలి ఫొటో దగ్గర పెట్టుకోండి. ఏనాడైనా దారి తప్పితే, తెలిసిన నాలుగు కళ్లే ముందుగా వారిని గుర్తిస్తాయి.

సేవచేసే ఇల్లాలిని, కోడలిని కూడా మరువరాదు. రాత్రుల నిద్ర కరవై, గడపదాటే వీలులేక వారు కృశిస్తుంటారు. వృద్ధుల కోసం ప్రభుత్వం నడుపుతున్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే సలహా, సమాచారం లభిస్తాయి. ఇరుగుపొరుగు ఇచ్చే గంటసేపటి విరామానికి మాత్రం సాటి లేదు.

ఈ ఆదివారం మీ భవనంలో అటువంటి ఇల్లు ఏదైనా ఉంటే తలుపు తట్టండి. "కాసేపు నేను కూర్చుంటాను, మీరు బయటికి వెళ్లిరండి" అనండి. ఆ పెద్దలు రేపటికి మీ పేరు మరచిపోవచ్చు. మీ పలకరింపు వలన కలిగిన నెమ్మది మాత్రం ఆ ఇంట్లో నిలుస్తుంది.