రెండు గొట్టాలు – ఒక్కటే గురి



ఈ నెల మీకు ఒక తుపాకి సంగతి చెప్పబోతున్నాం. కుటుంబ పేజీలో తుపాకి ఏమిటని ఆశ్చర్యపోకండి. చివరిదాకా చదివితే అది మన ఇళ్ల సంగతేనని మీకే తెలుస్తుంది.

అడవిపందుల నుండి పంటను కాచుకోవడానికి లైసెన్సు తీసుకుని ఉంచుకునే పాతకాలపు తుపాకిని మీలో కొందరు చూసే ఉంటారు. 1959 నాటి ఆయుధాల చట్టంలో కూడా పంట కాపలాకు ఉంచుకునే అలాంటి తుపాకి ప్రస్తావన ఉంది. దానికి తూటాలు ఉండవు. మూతిలో నుండి మందు పోసి, సీసపు గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా కూరాలి. దానికి సాధారణంగా ఒక్కటే గొట్టం, లోపల నున్నగా ఉంటుంది. మేము చెప్పబోయేది కూడా మూతిలో నుండి కూరేదే గాని, దానికి గొట్టాలు రెండు, పక్కపక్కనే ఉంటాయి. రెండింటి లోపలా మెలిదిరిగిన గాడులు ఉంటాయి కాబట్టి దానిని రైఫిల్ అంటారు.

2023 సెప్టెంబరులో మేమిద్దరం అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్న మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్లాం. ఇలాంటి తుపాకుల మీద ఇష్టం ఉన్నవారికి ఆ దేశంలో 1933లోనే ఒక జాతీయ సంఘం ఏర్పడింది. దాని కాల్పుల మైదానం ఆ రాష్ట్రంలోనే, ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో ఉంది. మా అమ్మాయి వాళ్లు ఆరాధనకు వెళ్లే సంఘంలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయనకు కూడా ఈ తుపాకులంటే ప్రాణం. ఒక శనివారం ఆయన తన పొలంలోని మట్టిదిబ్బ దగ్గరకు మమ్మల్ని రమ్మన్నారు. వేటకు కాదు, కాగితం మీద వేసిన నల్లచుక్కను కొట్టడానికే. ఆయన భార్య కూడా ఒక నోటుపుస్తకం పట్టుకుని వచ్చారు.

రెండు గొట్టాలు ఎందుకని అడిగాం. పూర్వం పెద్ద జంతువుల వేటకు వెళ్లినవారు ఒక దెబ్బ తప్పితే మళ్లీ మందు కూరే వ్యవధి దొరక్క ప్రాణాలు పోగొట్టుకునేవారట. రెండో గొట్టం అందుకే. లండన్‌లో జేమ్స్ పర్డీ అనే పనివాడు 1856లో చేసిన జంట రైఫిళ్లకు, వాటి వేగాన్ని బట్టి, ఎక్స్‌ప్రెస్ ట్రెయిన్ అని పేరు పెట్టాడు. రెండు గొట్టాలను ఒకచోట కొట్టేలా అతకడం ఆ పనిలో అన్నిటికంటే కష్టమట. మూతుల మధ్య చిన్న చీలను పెట్టి, కాల్చి చూసి, అతుకు కరిగించి, చీలను జరిపి, మళ్లీ కాల్చి చూసేవారు.

కష్టం ఎక్కడుందో ఆయన వివరించారు. గొట్టాలు రెండైనా గురి చూసుకునే మొన ఒక్కటే, వెనకనున్న గాడి ఒక్కటే. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతూ పైకీ, కుడివైపుకీ తిరుగుతుంది. ఎడమ గొట్టం పేలితే ఎడమకు తిరుగుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ తిరుగుడు మొదలవుతుంది. అందుకే రెండు గొట్టాలనూ మూతుల దగ్గర కొంచెం లోపలికి వంచి అతుకుతారు. ఆ వంపుకూ ఈ తన్నుకూ లెక్క కుదిరితేనే రెండు గుండ్లూ ఒకచోట పడతాయి.

ఆయన ముందుగా ఒక్కో గొట్టంలో 70 గ్రెయిన్ల మందు పోశారు. అంటే సుమారు నాలుగున్నర గ్రాములు. 50 గజాల దూరంలో కాగితం. కుడి గుండు చుక్కకు నాలుగంగుళాలు కుడిగా, ఎడమ గుండు నాలుగంగుళాలు ఎడమగా పడ్డాయి. ఆ తల్లి రెండూ పుస్తకంలో రాసుకున్నారు.

"గురిమొనను కాస్త జరిపితే సరిపోదా?" అని అడిగాం. ఆయన నవ్వారు. "కిందటేడు అదే చేశాను. కుడి గొట్టానికి సరిపోయేలా జరిపాను. అది చుక్క మీద కొట్టింది. ఎడమది ఎనిమిదంగుళాలు పక్కకు పోయింది. ఆ గొట్టమే చెడ్డదని ఏడాదంతా తిట్టుకున్నాను" అన్నారు. "చెడ్డది గొట్టం కాదని నేను అప్పుడే చెప్పాను" అన్నారు ఆయన భార్య.

సరిచేయవలసింది మందు అట. గుండ్లు ఎవరికి వారుగా బయటికి పోతుంటే మందు తక్కువైందని అర్థం. గుండు నెమ్మదిగా బయటికి వస్తోంది, ఈలోగా తుపాకి ఎక్కువ తిరిగిపోతోంది. అలాంటప్పుడు మందు కొంచెం పెంచాలి. అలాకాక కుడి గుండు ఎడమకూ, ఎడమ గుండు కుడికీ పోయి ఒకదాన్నొకటి దాటుతుంటే మందు ఎక్కువైంది, తగ్గించాలి. పెంచినా తగ్గించినా రెండు గొట్టాలకూ సమానంగానే చేయాలి. చేసినవారు చెప్పిన హద్దు దాటకూడదు. మందు కూడా ఇలాంటి తుపాకులకు తగిన పాతరకం నల్లని మందే వాడాలి, నేటి తూటాల మందు పోస్తే గొట్టం పగిలిపోతుంది.

ఆయన ఐదేసి గ్రెయిన్ల చొప్పున పెంచుతూ వచ్చారు. ప్రతిసారీ ముందు కుడి, తరువాత ఎడమ. పేల్చిన ప్రతిసారీ తడిగుడ్డతో గొట్టం లోపల తుడిచి, చల్లారనిచ్చారు. గట్టి బల్ల మీద నేరుగా ఆనిస్తే తుపాకి ఎగిరి గురి మారుతుందని ఇసుకసంచి మీద చెయ్యి పెట్టి, చేతి మీద తుపాకిని ఉంచారు. 75కు గుండ్లు కొంచెం దగ్గరయ్యాయి. 80కి ఇంకా దగ్గరయ్యాయి. 85కు రెండింటి మధ్య రెండంగుళాలే మిగిలింది. అయితే రెండూ చుక్కకు కొంచెం కిందుగా పడ్డాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆయన ఆకురాయి తీసి ముందున్న గురిమొనను కాస్త అరగదీశారు. మొన ఎత్తు తగ్గేసరికి దెబ్బ పైకి వచ్చింది. రెండు గొట్టాలూ చుక్కను తాకాయి.

ఇంకొక జాగ్రత్త కూడా చూపించారు. ఒక గొట్టం పేలిన కుదుపుకు రెండో గొట్టంలో కూరిన గుండు కదిలి, మందుకు దూరంగా జరగవచ్చు. మధ్యలో ఖాళీ ఏర్పడిన గొట్టాన్ని పేలిస్తే అది ఉబ్బవచ్చు, పగిలిపోవచ్చు. అందుకని రెండోది పేల్చబోయే ముందు కడ్డీని లోపలికి దించి, దాని మీద ముందే పెట్టుకున్న గుర్తు సరిపోయిందో లేదో చూసుకునేవారు. అలా చూసేటప్పుడూ, ఖాళీ గొట్టంలో మళ్లీ మందు పోసేటప్పుడూ, కూరి ఉన్న గొట్టం మీది రాగి టోపీని తప్పకుండా తీసేసేవారు.

ప్రియులారా, మేమిద్దరం ఆ పొలంలో ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

2009లో మా చిన్నవాడు ఇంటర్ తప్పాడు. మాలో ఒకరం వాడితో మాటలు మానేశాం, ఖర్చులకు డబ్బు ఆపేశాం. మరొకరం వెనక దారిన డబ్బు ఇచ్చాం, వాడి తప్పులు దాచాం. ఒకరి గుండు కుడికి, ఒకరి గుండు ఎడమకు. ప్రతివారం గుడిలో పక్కపక్కనే కూర్చున్నాం గాని వాడి విషయమై కలిసి ఒక్క ప్రార్థన చేయలేదు. "నీ పద్ధతి మారితే అంతా బాగుంటుంది" అని ఒకరినొకరం అనుకున్నాం. ఇంటి కట్టుబాటును ఎవరికి వారం మన గొట్టానికి తగినట్టు జరుపుకున్నాం. ఒకనాడు వాడు చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు వాడి జాడ తెలియలేదు.

దేవుని కృప, వాడు తిరిగి వచ్చాడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు. కాని తప్పు ఎవరిదన్న మాట మా మధ్య పద్నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది. ఆ శనివారం రాత్రి, మా అమ్మాయి ఇంట్లో, మొదటిసారి దాని గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరం ఒకరినొకరం క్షమాపణ అడిగాం. మరునాడు మా చిన్నవాడికి ఫోన్ చేసి వాడిని కూడా అడిగాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరిద్దరూ కలిసి ఫోన్ చేయడం ఇదే మొదటిసారి" అన్నాడు.

న్యాయాధిపతుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో బెన్యామీనీయుల మధ్య 700 మంది ఎడమచేతివాటం వీరులు కనబడతారు. వడిసెలతో వెంట్రుకంత గురిని కూడా తప్పనివారు. అక్కడ గురి తప్పడానికి హీబ్రూ భాషలో వాడిన మాట, ఇతర చోట్ల పాపం చేయడానికి వాడిన మాట ఒక్కటే. మేము దొంగతనం చేయలేదు, అబద్ధసాక్ష్యం పలకలేదు. అయినా మా ఇంట్లో గురి తప్పాం.

చుక్క దేవుని చిత్తం, దానిని ఎవరూ జరపలేరు. గురిమొన ఇంటి కట్టుబాటు, దానిని ఇద్దరూ కుదిరాకనే దిద్దుకోవాలి. మందు మన మాట, మన సమయం, మన ప్రార్థన. భార్యాభర్తలు ఎవరి దారిన వారు పోతుంటే అవి పెంచాలి. మాటకు మాట ఎదురు తగులుతుంటే ఇద్దరూ తగ్గించాలి. ఒకరే తగ్గితే సరిపోదు. ఒకరు కోపంతో పేలినప్పుడు రెండోవారి మనసు ఎక్కడికి కదిలిందో చూసుకోకుండా మరో మాట అనకూడదు.

ఈ నెల ఒక పని చేయండి. పిల్లలకు ఏదైనా చెప్పబోయే ముందు ఇద్దరూ తలుపు వేసుకుని, కలిసి మోకరించి, ఒక మాట మీదకు రండి. అప్పుడే బయటికి వచ్చి చెప్పండి. ఒక్కరోజులో కుదరదు, ఐదేసి గ్రెయిన్ల చొప్పునే కుదురుతుంది.

ప్రభువు మీ ఇంటిని ఒక్కటే గురి మీద నిలుపును గాక. ఆమేన్.