ఓడ ఎక్కి ఓడి వచ్చిన కథ

ఉగాది నాటి పిల్లల పద్యాల పోటీ మీద వచ్చిన ఉత్తరాలకి ఈ నెల జవాబు రాస్తామని మాట యిచ్చాం. రాయడానికి కూర్చుంటే కలం పడవల మీదికి పోయింది. ఎందుకు పోయిందో చివర్లో మీకే తెలుస్తుంది. అందాకా కాస్త ఓపిక పట్టండి.

మాతో పనిచేసే అమెరికన్ మిత్రుడొకాయనకి తెరచాప పడవ వుంది. జె-24 అంటారు దాన్ని. 24 అడుగుల పొడవు, గాలి తగిలితే లేడిపిల్లలా పరుగెత్తుతుంది. పోయిన నెల ఒక సాయంత్రం సరస్సులో పందెం వుంది, మీరూ మీ అబ్బాయీ రండి అన్నాడు. మాకు తెరచాప సంగతులు తెలియవని మొత్తుకున్నాం. "తెలియనక్కర్లేదు, బరువుకి పనికొస్తారు," అన్నాడు. అలాగే పనికొచ్చాం. గాలికి పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా రెండో అంచుకి ప్రాకి, కాళ్ళు నీళ్ళ మీదికి వేలాడేసి కూర్చోడమే మా వుద్యోగం. పాతికేళ్ళ చదువు చివరికి ఇలా అక్కరకొచ్చింది.

అయితేనేం, అయిదు మైళ్ళ పందెంలో అందరికంటే ముందు గీత దాటాం. గంటా పదిహేను నిమిషాలు పట్టింది. మావాడు గంతులేశాడు. మా వెనక అరవై దాటిన భార్యాభర్తలిద్దరు కెటలీనా-22 అనే పాత పడవలో తాపీగా 7 నిమిషాల 40 సెకండ్ల తరవాత వచ్చారు. ఒడ్డున శాండ్‌విచ్‌లు తింటూండగా ఫలితాలు చదివారు. మొదటి బహుమతి ఆ దంపతులది. మాది రెండో స్థానం!

"నాన్నా, మనమే ముందొచ్చాం గదా! ఇది చీటింగ్ కాదా?" అన్నాడు మావాడు. మాకూ అలాగే అనిపించింది. ఓడ ఎక్కి ఓడి రావడమంటే ఇదే కాబోలు అనుకున్నాం. మా మిత్రుడు మాత్రం నవ్వుతూ వెళ్ళి ఆ పెద్దాయన చెయ్యి కలిపి వచ్చాడు. తరవాత ఒక కాగితపు రుమాలు మీద లెక్క వేసి చూపించాడు.

ఆ లెక్క పేరు పి.హెచ్.ఆర్.ఎఫ్. మొదట దక్షిణ కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రం పేరుతో పుట్టి, తరవాత దేశమంతా పాకింది. ప్రతి పడవకీ ఒక అంకె యిస్తారు. ఒక నాటికల్ మైలుకి ఆ పడవకి ఎన్ని సెకండ్లు తగ్గించాలో చెప్పే అంకె అది. అంకె చిన్నదయితే పడవ వేగం గలదన్న మాట. జె-24 కి 170 ప్రాంతంలో వుంటుంది, కెటలీనా-22 కి 270 చుట్టుపక్కల. అంటే మైలుకి 100 సెకండ్ల తేడా. అయిదు మైళ్ళకి 500 సెకండ్లు, అంటే 8 నిమిషాల 20 సెకండ్లు. మేము వాళ్ళని అంతకంటే ఎక్కువ తేడాతో దాటాలి. దాటింది 7 నిమిషాల 40 సెకండ్లే. కాబట్టి 40 సెకండ్లతో ఓడాం. లెక్కలో తప్పు లేదు, ఇంజనీరుగా మేమే తిరగేసి చూశాం.

మరి ఆ అంకె ఎవరిస్తారు? ఏ యంత్రమూ ఇవ్వదు. ఆ ప్రాంతంలో పడవలు నడిపే వాళ్ళ సంఘమే యిస్తుంది. పొడవు, బరువు, తెరచాపల వైశాల్యం చూస్తారు. వాటికంటే ముఖ్యంగా అలాంటి పడవ పందేల్లో నిజంగా ఎలా పరుగెత్తిందో చూస్తారు. అందుకే ఒకే పడవకి ఒక ప్రాంతంలో ఒక అంకె, ఇంకో ప్రాంతంలో మరి నాలుగు సెకండ్లు తేడాగా వుండొచ్చు. మామూలు కంటే పెద్ద తెరచాప కట్టుకుంటే కొన్ని సెకండ్లు కోస్తారు. గాలి వెనకనుంచి వీచేటప్పుడు బుడగలా పొంగే స్పిన్నకర్ అనే తెరచాప మాకొద్దు అంటే కొన్ని సెకండ్లు కలుపుతారు. నా అంకె అన్యాయం అనిపిస్తే అర్జీ పెట్టుకోవచ్చు. కాని పందానికి ముందు పెట్టుకోవాలి గాని, ఓడిన తరవాత ఒడ్డున కూర్చుని ఏడిస్తే ఆ పందెం ఫలితం మారదు.

ఇక్కడే మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మన డాక్టరు మిత్రులు చాలామంది ఆడే గోల్ఫులో వెసులుబాటు మనిషికి. సరిగ్గా ఆడలేని వాడికి కొన్ని దెబ్బలు ఉచితం. ఇక్కడ వెసులుబాటు పడవకి, మనిషికి కాదు. పడవ అడుగుభాగం శుభ్రంగా వుందనీ, తెరచాపలు మంచివేననీ, నడిపేవాడు బాగా నడుపుతాడనీ అనుకునే ఆ అంకె వేస్తారు. అడుగున నాచు పట్టించుకుని, గాలి మలుపు గమనించకుండా కబుర్లాడుతూ కూర్చున్నవాడికి ఒక్క సెకండు కూడా కలవదు. ఆడలేక మద్దెల ఓడు అనడానికి వీల్లేదు, ఎందుకంటే మద్దెల ఎంత ఓటిదో ముందే లెక్క కట్టేశారు. ఇక మిగిలింది ఆటే.

అలాగని ఈ పద్ధతిలో లోపాలు లేవనుకోకండి. దూరాన్ని బట్టి వేసే ఈ లెక్కలో, గాలి పడిపోయి పందెం రెండున్నర గంటలు సాగినా తేడా ఆ 8 నిమిషాల 20 సెకండ్లే. అప్పుడు చిన్న పడవకి అన్యాయమే. అందుకని కొన్ని చోట్ల కాలాన్ని బట్టి లెక్క వేస్తారు. 650 ని, 550 కి పడవ అంకె కలిపితే వచ్చే మొత్తంతో భాగించి, ఆ వచ్చినదాంతో పట్టిన సమయాన్ని హెచ్చిస్తారు. ఆ లెక్కన మాకు పట్టిన గంటంబావుకి తేడా పది నిమిషాల పైచిలుకు అవుతుంది, రెండున్నర గంటలయితే ఇరవై దాటుతుంది. అంటే ఎలా చూసినా మేము ఓడేవాళ్ళమే.

ఇదేమీ కొత్త తగాదా కాదు. 1851 ఆగస్టు 22 న ఇంగ్లండులో వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో "అమెరికా" అనే పడవ గెలిచింది. అమెరికా కప్పుకి ఆ పేరు వచ్చింది దాన్నుంచే. రెండోది వచ్చిన "అరోరా" దానిలో మూడో వంతు కూడా లేదు. ఆ రోజు పడవల పరిమాణాన్ని బట్టి సమయం తగ్గించే పద్ధతి పెట్టుకోలేదు. పెట్టుకుని వుంటే ఎలా వుండేదో అని పడవలవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. గొడవే వద్దనుకుంటే అందరికీ ఒకే రకం పడవ యివ్వాలి. మన హుస్సేన్ సాగర్‌లో జరిగే లేజర్ పందేలు అలాంటివే. అక్కడ పడవలన్నీ ఒకే అచ్చు, ముందొచ్చినవాడే మొనగాడు.

మన పిల్లలకి ఒకే అచ్చు పడవ యివ్వగలమా? ఇక ఉగాది పోటీకి వద్దాం. మొదటి మూడు బహుమతులూ గుంటూరు నుంచీ, హైదరాబాదు నుంచీ ఈమధ్యే వచ్చిన పిల్లలకి వచ్చాయి. ఇక్కడే పుట్టిన పిల్లలు ళ పలకలేక, చెమటలు పట్టి, దిగిపోయారు. "వీళ్ళకి వేరే లెక్క వుండాలి" అని కొందరు రాశారు. "అలా చేస్తే వచ్చినవాళ్ళ కష్టాన్ని తగ్గించినట్టే" అని మరికొందరు. నిజం చెప్పాలంటే, మేము మొన్నటిదాకా రెండో పక్షం. మావాడు ఓడినా సరే, ముందొచ్చినవాడిదే బహుమతి అనేవాళ్ళం. ఇప్పుడంత గట్టిగా అనలేం.

చిన్నప్పుడు మన ఆటల్లో పసివాణ్ణి "ఆటలో అరటిపండు" అనేవాళ్ళం. వాడు అవుటయినా లెక్క లేదు, గెలిచినా లెక్క లేదు. పాల్గొన్న ప్రతి పిల్లకీ ఒక చెంచా, ఒక గిన్నె యిచ్చి పంపడం అలాంటిదే. పిల్లలకి అది తెలుసు కూడా. ఆ దంపతులు అరటిపండు కాదు. వాళ్ళు నిజంగా గెలిచారు, ఓడితే నిజంగా ఓడేవాళ్ళు.

కాబట్టి కమిటీ వారికి మా మనవి ఇది. ఇక్కడ పుట్టిందా, అక్కడినుంచి ఎన్నో ఏట వచ్చింది, ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మమ్మో తాతయ్యో వున్నారా, ఇదీ పిల్లవాడి పడవ. దానికి అంకె ముందే వేసి గోడకి అంటించండి. ఎంత చదివి వచ్చాడన్నది వాడి ఆట, దాని జోలికి పోకండి. పడవ అంకె చాలాకాలం అలాగే వుండొచ్చు గాని పిల్లవాడిది ఏటేటా మార్చాలి. పిల్లలు ఎదుగుతారు, ఫైబర్ గ్లాసు ఎదగదు. రెండు బహుమతులు పెట్టండి. ఒకటి అందరికంటే బాగా చదివినవాళ్ళకి, రెండోది లెక్క కట్టాక ముందున్నవాళ్ళకి. ఇద్దరికీ చప్పట్లు ఒకేలా కొట్టాలి, అది మన పని.

మావాడు మళ్ళీ పందేనికి వస్తానంటున్నాడు. ఈసారి 8 నిమిషాల 21 సెకండ్లతో దాటాలట. మీ అభిప్రాయాలు రాయండి. తిట్లయినా సరే, స్టెన్సిలు మీద చోటున్నంతవరకు వేస్తాం.