నాలుగు గోడల మధ్య లాజిక్కు

తెలుగు ప్రేక్షకుడి మీద సినిమావాళ్లకి ఒక స్థిరాభిప్రాయం ఉంది: అతను లాజిక్కు అడగడు. హీరో ఒక్క గుద్దు గుద్దితే పదిమంది గాల్లోకి లేస్తారు, హాలంతా ఈలలు, భూమ్యాకర్షణ సంగతి ఎవరికీ గుర్తు రాదు. అదే ప్రేక్షకుణ్ణి ఒకే చోట ఒకే మనిషి ఇరుక్కుపోయి ప్రాణాలు కాపాడుకునే సినిమా ముందు కూర్చోబెట్టండి, పది నిమిషాల్లో ఇంజనీరైపోతాడు. కిటికీలోంచి మంట పెట్టి చూపించొచ్చు కదా? బట్టలు ముడేసి తాడు చేసుకోవచ్చు కదా? చివర్లో చేసిన పనేదో మొదటిరోజే చేసి ఉండొచ్చు కదా? విక్రమాదిత్య మోత్వానే తీసిన ‘ట్రాప్డ్’ 2017లో విడుదలైనప్పటి నుంచి దాని గురించి ఏ ఇద్దరు మాట్లాడుకున్నా సంభాషణ ఈ ప్రశ్నల దగ్గరికే చేరుతుంది. మన సమీక్షకులు చాలామంది దీన్ని తక్కువరకం స్పందన కింద జమకడతారు. కళను అనుభవించడం చేతకాక తప్పులు వెతుకుతున్నారని విసుక్కుంటారు. ఈ రకం సినిమా విషయంలో మాత్రం ఆ ప్రశ్న అడిగేవాడే అసలైన ప్రేక్షకుడనీ, అతనికి తెరమీదే జవాబు చెప్పాల్సిన బాధ్యత దర్శకుడిదేననీ మేం అనుకుంటున్నాం.

ఒకే మనిషి రెండు రకాలుగా ప్రవర్తించడంలో వైరుధ్యమేమీ లేదు. పెద్ద హీరో సినిమాలో గెలుపు ముందే ఖాయం. ఎలా గెలిచాడన్నది అలంకారం మాత్రమే. పాటలు, ఊళ్లు, చుట్టాలు, హాస్యం, పగ, ఇన్ని ఉంటాయి కాబట్టి ఒక చోట అతుకు కనిపించినా చూపు ఇంకో చోటికి పోతుంది. ఇరుకు చోటు సినిమా వీటన్నిటినీ తీసేస్తుంది. మిగిలేవి నాలుగు గోడలు, చేతికందే కొన్ని వస్తువులు, తరిగిపోయే నీళ్లు, వెలుగు, గాలి. కెమెరా ఆ వస్తువుల్ని ఒక్కొక్కటే చూపిస్తూ ‘ఉన్నవి ఇవే, వీటితోనే బయటపడాలి’ అని చెబుతుంది. లెక్క ఇచ్చింది దర్శకుడు. ఇచ్చాక ప్రేక్షకుడు మనసులో చేసుకోకుండా ఎలా ఉంటాడు? అతను లెక్క చేయడం మానేశాడంటే ఆ గదిలో లేడన్నమాట, ఫోను తీసి చూసుకుంటున్నాడన్నమాట.

‘ట్రాప్డ్’ సంగతే తీసుకుందాం. రాజ్‌కుమార్ రావ్ వేసిన శౌర్య ముంబైలో చిరుద్యోగి. ప్రేమించిన అమ్మాయికి ఇంట్లో వేరే పెళ్లి నిశ్చయమైంది. రాత్రికి రాత్రి ఇల్లు కావాలి. బ్రోకరు ఒకడు ఖాళీగా పడున్న ఆకాశహర్మ్యంలో 35వ అంతస్తు ఫ్లాటు ఎవరికీ చెప్పకుండా అద్దెకిస్తాడు. తాళంచెవి బయటివైపు ఉండిపోయి తలుపు పడిపోతుంది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు రావు, ఫోనులో చార్జింగు అయిపోతుంది. ఇక్కడ ప్రేక్షకుల ప్రశ్నలు చాలావాటికి కథ ముందే జవాబు సిద్ధం చేసింది. అంత పెద్ద భవనంలో ఎవరూ లేరేమిటంటే, అక్కడ కాపురాలే లేవు. అతన్ని ఎవరూ వెతకరేమిటంటే, అతనక్కడ ఉన్నాడని తెలిసినవాడు ఆ దొంగచాటు బ్రోకరు ఒక్కడే. కింద కాపలాదారుకి వినపడదా అంటే, అతనికి వినికిడి తక్కువ, పైగా రేడియో. ఈ జవాబుల్ని గమనించకుండానే ‘లాజిక్కు లేదు’ అని తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోవాల్సిందే. కాని అది ప్రశ్న లోపం కాదు, చూపు లోపం. చూపించిన దాన్ని చూడకుండా అడగడం వేరు, చూపించనిదాన్ని అడగడం వేరు. సమీక్షకుడు చేయాల్సిన పని ఈ రెంటినీ విడదీయడం. రెంటినీ కలిపి కొట్టిపారేయడం కాదు.

మిగిలిన ప్రశ్న ఒకటుంది, అన్నిటికన్నా గట్టిది. శౌర్య చివరికి బాల్కనీ గ్రిల్లు విరగ్గొట్టి, ఒక్కో అంతస్తే పట్టుకుని కిందికి దిగుతాడు. ఆ పని రెండోరోజే ఎందుకు చేయలేదు? దీనికి జవాబు గోడల్లో లేదు, మనిషిలో ఉంది. ఇతను ఎలుకను చూస్తే వణికిపోయేవాడు, శాకాహారి, గొంతెత్తి మాట్లాడడానికి కూడా జంకే రకం. అలాంటివాడు పావురాన్ని చంపి తినే స్థితికి రావాలి, తనను తాను కోసుకుని ఆ నెత్తురుతో అట్టముక్క మీద రాసే స్థితికి రావాలి. అప్పుడుగాని 35వ అంతస్తు నుంచి కాలు బయటపెట్టలేడు. భయాలు ఒకదాని వెనక ఒకటి కరిగిపోవడానికి పట్టిన కాలమే ఆ సినిమా నిడివి. ‘ఈపాటి కథకి షార్ట్ ఫిల్మ్ చాలదూ’ అనే ఇంకో అభిప్రాయానికి కూడా ఇక్కడే సమాధానం దొరుకుతుంది. ఆకలిని పది నిమిషాల్లో చూపిస్తే సమాచారం అందుతుంది, ఆకలి అందదు.

హాయిగా సీట్లో కూర్చుని ఉపాయాలు చెప్పడం తేలికే, ప్రాణం మీదికి వచ్చినవాడికి బుర్ర పనిచేస్తుందా అని కొందరు అడుగుతారు. నిజజీవితంలో ఇంతకన్నా నమ్మశక్యం కానివి జరగలేదా అని మరికొందరు. ఈ రెంటికీ ఒకే మనిషి అనుభవం సాక్ష్యం చెబుతుంది. 2003 ఏప్రిల్ 26న అమెరికాలోని యూటా లోయల్లో ఆరన్ రాల్‌స్టన్ కుడిచెయ్యి బండరాయి కింద ఇరుక్కుంది. 127 గంటల తర్వాత ఆ చెయ్యి తనే కోసుకుని బయటపడ్డాడు. డానీ బాయిల్ 2010లో ‘127 అవర్స్’ తీసింది ఈ కథతోనే. సంగీతం మన రెహమాన్. కోయడమే దారి అయితే అయిదు రోజులు ఎందుకు ఆగాడన్న ప్రశ్న ఇక్కడా వస్తుంది. అతని దగ్గరున్న మొద్దుబారిన చిన్న కత్తి ఎముకను కోయలేదు. చేతిని రాయికి ఎదురొత్తి మెలితిప్పి ఎముకను ముందు విరిచేయవచ్చన్న ఆలోచన చివరిరోజుగాని తట్టలేదు. అంటే వాస్తవం కూడా ‘ముందే ఎందుకు చేయలేదు’ అన్నదానికి జవాబు దగ్గర పెట్టుకునే ఉంది. బుర్ర పనిచేయకపోవడం కూడా జవాబే, అది ఎలా పనిచేయలేదో చూపించినప్పుడు.

‘బరీడ్’ (2010) దగ్గర మాత్రం మేం ప్రేక్షకుల పక్షానే నిలబడతాం. రోడ్రిగో కోర్తెస్ సాహసాన్ని తక్కువ చేయలేం. ఇరాక్‌లో అమెరికన్ లారీ డ్రైవరు శవపేటికలో సజీవ సమాధి అయి ఉంటాడు. గంటన్నర పైన సినిమాలో వర్తమానాన్ని కెమెరా ఆ పెట్టె దాటనివ్వదు. తెరమీద ఉండే నటుడు దాదాపుగా రయన్ రేనాల్డ్స్ ఒక్కడే. గాలి అయిపోతోందని కథ ఒత్తి చెబుతూనే, గాలిని తినే లైటరును మాటిమాటికీ వెలిగిస్తాడు. దీపం లేకపోతే మనకు ముఖం కనపడదు, అది దర్శకుడి ఇబ్బంది. ఆ ఇబ్బందిని పాత్ర నెత్తిన రుద్దాడు. దీన్ని పట్టుకున్న ప్రేక్షకుణ్ణి రంధ్రాన్వేషి అనడం అన్యాయం. అయితే అదే సినిమా మీద ఇంకో ఫిర్యాదు ఉంది: ఫోనులో ఆఫీసులతో వాదిస్తూ విలువైన నిమిషాలు వృథా చేస్తాడని. అది నిలబడదు. ‘లైన్లో ఉండండి’ అనే గొంతులు, చావబోయేవాణ్ణి ఫోనులోనే ఉద్యోగంలోంచి తీసేసి నష్టపరిహారం ఎగ్గొట్టే కంపెనీ, ఆ సినిమా చెప్పదలచుకున్నదే అది. చివరికి అతను బతకడు, తవ్విన చోట ఇంకొకరి శవం దొరుకుతుంది. డబ్బులు దండగన్న కోపం అర్థం చేసుకోదగ్గదే గాని, కోపాన్ని లాజిక్కు పేరుతో చెప్పకూడదు. పెట్టెలోకి ఇసుక ఎంత వేగంగా నిండుతోందో ముందే చూపించారు.

తెలుగులో ఈ పరీక్షకు నిలబడిన సినిమా సంకల్ప్ రెడ్డి ‘ఘాజీ’ (2017). 1971 డిసెంబరులో విశాఖ సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి నేపథ్యంగా అల్లిన కల్పన అది. దెబ్బతిన్న భారత జలాంతర్గామి ముందుకీ వెనక్కీ పోలేదు, పైకీ కిందికీ మాత్రమే కదలగలదు. సముద్రగర్భంలో చప్పుడంటే చావేనని మనకు నేర్పింది ఆ సినిమాయే, జనగణమన పాడించిందీ ఆ సినిమాయే. ‘దేశభక్తి కోసం లాజిక్కు వదిలేశారు’ అన్నారు కొందరు. శత్రువు కెప్టెన్‌ ఎంత తొందరగా రెచ్చిపోతాడో ముందే చూపించి, ఆ కోపాన్నే ఎరగా వాడుకున్నారు కాబట్టి ఆ సన్నివేశం నిలిచింది. పాటలకు అలవాటుపడ్డ హాళ్లు ఆ ఇనప గొట్టం లోపల రెండు గంటలు కూర్చున్నాయంటే కారణం ఈ లెక్క సరిపోవడమే.

హిచ్‌కాక్ పేరు చెప్పి అడ్డుకునేవాళ్లూ ఉన్నారు. నమ్మదగినదా కాదా అని కొలిచేవాళ్లను ఆయన ఎగతాళి చేసిన మాట నిజమే. కాని 1944లో సినిమా మొత్తం ఒక్క పడవలో తీసినప్పుడు ఆయన ఏం చేశాడో చూడాలి. తన సినిమాల్లో క్షణంపాటు తను కనిపించడం ఆనవాయితీ. నడిసముద్రంలో దారినపోయే మనిషి ఎక్కడినుంచి వస్తాడు? పడవలో ఒకడు చదివే పాత పేపర్లో, ఒళ్లు తగ్గించే మందు ప్రకటనలో బొమ్మగా కనిపించాడు. సరదాకి కూడా ఆ పడవ నియమాన్ని తప్పలేదు.

ఇక ఇవన్నీ నగర ఏకాంతానికి ప్రతీకలు, తాళాలూ గొళ్లేల గురించి అడగకూడదు అనే వాదన. ప్రతీక గాల్లో నిలబడదు. రెండు కోట్లమంది ఉన్న ఊళ్లో ఒకడి కేక ఎవరికీ వినపడలేదన్న బాధ మనకు తగలాలంటే, ముందు ఆ కేక ఎందుకు వినపడలేదో నమ్మాలి. నమ్మకపోతే అది నినాదంగా మిగిలిపోతుంది. అందుకే మా సమీక్షకులకు ఒక విన్నపం: ‘లాజిక్కు పట్టించుకోకపోతే చూడొచ్చు’ అనే వాక్యాన్ని మాస్ సినిమాలకు రాస్తే రాయండి, ఈ సినిమాలకు రాయకండి. ఏ ప్రశ్నకు జవాబు తెరమీద ఉందో, దేనికి లేదో విడమరిచి రాయండి.