రెండో చెంచా

చల్లని నీటిలో చక్కెర కరగదన్నది మా ఇంట్లో తరతరాలుగా చెల్లుతున్న మాట. నేనూ దాన్ని ప్రశ్నించకుండానే పెరిగాను. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం నాన్నగారు నిమ్మరసం రుచి చూసి, "తీపే లేదురా, ఇంకో చెంచా వెయ్యి" అనేసరికి మొదటిసారి అనుమానం కలిగింది. ఆయనకు మధుమేహం. బతిమాలుకుని, గ్లాసుకు ఒక్క చెంచా అని ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒక్క చెంచా చక్కెరా గ్లాసు అడుగున చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది!

నింద నీటి మీద వేయడం అన్యాయమని నా అభిప్రాయం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది. మరిగే నీటిలోనైతే అది 480 గ్రాములు దాటుతుంది. అంటే చల్లని నీరు సైతం తన బరువుకు రెట్టింపు చక్కెరను ఇముడ్చుకోగలదు. దానిముందు ఒక చెంచా ఏపాటిది?

కొరత చోటుది కాదు, వేగానిది. వేడినీటిలో అణువులు చురుకుగా కదులుతూ చక్కెర పలుకును త్వరగా విడదీస్తాయి. చల్లని నీటిలో ఆ పని మందగిస్తుంది. పైగా పలుకుల చుట్టూ చిక్కని తీపినీటి పొర ఏర్పడి, మనం కలిపేవరకూ అక్కడే నిలిచిపోతుంది. గులాబ్‌జామ్ పాకానికి పొయ్యి తప్పదు, నిజమే. గ్లాసుడు నిమ్మరసానికి ఆ అవసరం లేదు.

ఈ సంగతి మన పెద్దల చేతులకు తెలుసు. శ్రీరామనవమి పానకానికి మా అమ్మ ఏనాడూ నీళ్ళు కాచలేదు. బెల్లాన్ని మెత్తగా దంచి, చన్నీళ్ళలో వేసి, ఓపికగా కలిపేది. పొయ్యి చేయవలసిన పనిని రోకలీ గరిటే చేసేవి.

ఇంకో చిక్కుంది. చల్లదనం వల్ల నాలుకకు తీపి కొంత తక్కువగా తెలుస్తుంది. కరగని చక్కెర ఒకవైపు, మొద్దుబారిన నాలుక మరొకవైపు. రెండూ కలిసి రెండో చెంచాను అడిగిస్తాయి. చివరి గుక్కలో ఆ రెండు చెంచాలూ ఒక్కసారిగా గొంతు దిగుతాయి. ఆరోగ్యవంతులకు అది వెగటు మాత్రమే. నాన్నగారి వంటివారికి అంతటితో పోదు.

ఇప్పుడు ఆ ఒక్క చెంచానూ ముందుగా కాసిని వేడినీళ్ళలో కరిగించి, ఆపైన కుండనీళ్ళూ నిమ్మరసమూ కలుపుతున్నాను. ఐసు మానేశాను. నాన్నగారు అలవాటు కొద్దీ రెండో చెంచా అడుగుతూనే ఉన్నారు కానీ, సమాధానం వచ్చేలోగా గ్లాసు ఖాళీ చేసేస్తున్నారు.

కనుక పిల్లలకు "చల్లని నీటిలో చక్కెర కరగదు" అని చెప్పకండి. "ఆలస్యంగా కరుగుతుంది, బాగా కలుపు" అనండి చాలు.