చెరువు లెక్క పిల్లల చేతికి

తటాకము త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా లెక్కించిరి. కన్నకొడుకు, కావ్యము, దేవాలయము, అగ్రహారము, వనము, నిధి, వీనితో సమానముగా చెరువును కూడ సంతానమే యనిరి. సంతానమును కన్నంతమాత్రమున సరిపోదు, పెంచవలెను. చెరువును సంతానముగా నెంచిన జాతి నేడు దానిని పెంచుట మరచినది; అంతియే కాక, కన్నబిడ్డలకు దానిని చూపుట కూడ మరచినది. ఈ రెండు మరపులను ఒక్కసారి పోగొట్టు మార్గము కలదు. ఊరి చెరువును ఊరి పాఠశాలకు పాఠముగా నీయవలెను. దాని లెక్క వ్రాయు పనిని విద్యార్థుల కప్పగింపవలెను. ఇందు సులభమైనదెంత, కష్టమైనదెంత యను సంగతిని నేడు మా పాఠకుల యెదుట నిష్కపటముగా నుంచదలచితిమి.

కాటారము చుట్టుపట్ల ప్రాంతమునే తీసికొందము. ఉత్తరమున గోదావరి పారుచున్నది. కాళేశ్వరమున ప్రాణహిత దానితో కలియుచున్నది. దక్షిణమున కాకతీయులనాటి గణపురము, రామప్ప చెరువులు కలవు. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప దేవాలయమును యునెస్కో సంస్థ 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అది మనకు గర్వకారణమే. కాని యాలయమును చూచి పోవువారిలో, దాని చెంతనే యుండి నేటికిని పొలములకు నీరిచ్చుచున్న చెరువుగట్టుపై క్షణమాగి యోచించువా రెందరు? శిలకు దక్కిన గౌరవము మట్టికట్టకు దక్కలేదు. ఈ ప్రాంతముననే 2019లో ప్రారంభమైన కాళేశ్వరము పథకపు మేడిగడ్డ బరాజున 2023 అక్టోబరులో స్తంభములు క్రుంగగా రాష్ట్రమంతయు ఉలికిపడినది. పెద్ద కట్టడమునకు బీట వారిన నది వార్త. చిన్న చెరువు ఏటేటా పూడి, కుంచించి, తుదకు మాయమైనను అది వార్త కాదు. చూచువాడు లేని వస్తువు పోయినప్పుడు చెప్పువాడును ఉండడు.

చెరువులను బాగుచేయు యత్నము జరుగలేదని మేమనము. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైగా చెరువులను, కుంటలను పునరుద్ధరింప సంకల్పించినది. అనేక గ్రామములలో పూడిక తీసిరి; ఆ ఒండ్రుమట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. కాని పూడిక ఒకసారి తీసినంత మాత్రమున తీరునది కాదు. ప్రతి వర్షకాలమునను వాగులు మట్టిని తెచ్చుచునే యుండును. వెనుకటి కాలమున తూము నెత్తుటకు, కట్టకు పడిన బుంగను పూడ్చుటకు నీరటివా డుండెను. చెరువు నిలుపువారికి దశబంధ మాన్యము లుండెను. ఆ యేర్పాటులు క్షీణించిన పిమ్మట చెరువు అందరిదైనది. అందరిదైనది గనుక ఎవరిదియు కాకపోయినది. నేడు కావలసినది మరియొక పథకము మాత్రమే కాదు. విడువక చూచు కన్నులు. అట్టి కన్నులు ప్రతి యూరి బడిలోను కలవు.

చెరువున పిల్లలు నేర్వదగినది లేదని యెవరైన ననినచో, వారు చెరువును చూచియుండలేదు. ఈ రాష్ట్రపు చేపగా గౌరవము పొందిన కొర్రమీను నీటిలోని ప్రాణవాయువుపై మాత్రమే యాధారపడక, పైకి వచ్చి గాలి పీల్చును. నీరింకిన బురదలోను కొంతకాలము బ్రదుకును. పిల్లలను గుంపుగా వెంట నుంచుకొని కాచును. పిల్లలు దారము కట్టి యాడించు తూనీగ, రెక్కలు రాకముందు నీటియడుగున నుండి దోమపిల్లలను తిని పెరిగినదే. నత్తలను తిను కొంగ ముక్కు నడుమ సందుండుట ఏల? దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క చెరువును కప్పినచో క్రింది జీవులకు ఊపిరి యేల సలుపదు? ఈ ప్రశ్న లొక్కొక్కటియు పుస్తకములోని యధ్యాయమున కీడు. పుస్తకములో చదివిన బాలుడు పరీక్షవరకు జ్ఞాపకముంచుకొనును. గట్టున చూచిన బాలుడు ముసలితనమువరకు మరువడు.

ఇంతకు మేము కోరు లెక్క యేమి? అది మిక్కిలి సామాన్యమైనది. తొలకరికి చెరువు ఏనాడు నిండెను, అలుగు ఎన్ని దినములు పారెను, వేసవిలో ఏ నెలకు అడుగు కనబడెను? తెల్లని పళ్లెమును త్రాటితో నీట దింపినచో ఎన్ని జానల లోతున కనుమరుగయ్యెను? బుడుబుంగలు, నీటికోళ్లు, లకుముకిపిట్టలు ఎన్ని కనబడెను? నీటిపక్షులను లెక్కించు పని ఆసియా దేశములలో 1987నుండి ప్రతి జనవరి మాసమునను జరుగుచున్నది. మన పిల్లలు దానికి తోడుపడవచ్చును. నీరు తెచ్చు కాలువ ఎచట పూడెను, శిఖము సరిహద్దు రాయి ఏడి? ఇట్లు పదేండ్లు వ్రాసిన నోటుపుస్తకములు బడిలో భద్రముగ నున్నచో ఆ యూరికి అంతకు మించిన దస్తావేజు లేదు.

పరీక్షల కాలము వృథా యగునని కొందరు తలిదండ్రు లనవచ్చును. పర్యావరణ విద్యను నిర్బంధ పాఠ్యాంశముగ బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. 2001నుండి జాతీయ హరితదళము పేర పాఠశాలలలో పిల్లల సంఘము లేర్పడినవి. కనుక ఇది క్రొత్త భారము కాదు, ఉన్న భారమును అర్థవంతముగ మోయుట మాత్రమే. ఒకనాడు మొక్క నాటి, ఛాయాచిత్రము తీయించుకొని, మరునా డా మొక్కకు నీరు పోయుట మరచు వేడుకలు మనకు చాలును. నెలకొక పూట చెరువుగట్టున గడుపుట ఆ వేడుకలన్నింటికంటె మేలు.

ఇక కష్టమైన మాట కలదు. దానిని దాచినచో మా ధర్మమునకు లోపము. చెరువును పూడ్చునది వాన తెచ్చు మట్టి మాత్రమే కాదు, మన యాశ కూడ. ఏటికొక చాలు లోనికి దున్నుచు పోవుటవలన పదేండ్లకు శిఖము భూమి పట్టాభూమితో కలిసిపోవును. బొగ్గుగనులును విద్యుత్కేంద్రమును వచ్చిన భూపాలపల్లి వంటి పట్టణముల చెంత గజము నేలకు ధర వచ్చినకొలది, చెరువంచున ఇండ్లస్థలముల గీతలు గీయవలెనను కోరిక పుట్టును. ఇట్టి పనులు చేయువారు ఎచటినుండియో వచ్చిన పరాయివారు కారు. వారిలో మా పాఠకులు, మా మిత్రులు కూడ నుందురు. చెరువులు ప్రజల యుమ్మడి సంపద యని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ వ్యాజ్యమునను, మరల 2011లో జగపాల్‌సింగ్ వ్యాజ్యమునను తీర్పు చెప్పినది. నీరు, భూమి, చెట్ల సంరక్షణకు 2002లో ప్రత్యేక చట్టమే వచ్చినది. అయినను హైదరాబాదున చెరువుల యాక్రమణలను తొలగించుటకు 2024లో ప్రత్యేక సంస్థ నేర్పరచి యంత్రములను దింపవలసి వచ్చినది. కట్టిన గోడను కూల్చుటకంటె కట్టకముందే రాయిని చూపుట సులభము, దయగలది.

నీటిత్రోవ తెలియకుండుట ఎంత యపాయమో ఈ జిల్లాకు వేరుగ చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము మునుగగా ప్రజలు ఇండ్లకప్పులపై కెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఏ వాగు ఎటు పారును, ఎచట ఆగును, ఎచట పొంగును అను జ్ఞానము పల్లెబిడ్డకు అక్షరజ్ఞానముతో సమానము.

అయితే ఒక హెచ్చరిక. పిల్లలను పెద్దల తగవులలో ముందు నిలుపరాదు. ఆక్రమణదారుని పేరు వ్రాయుట వారి పని కాదు. నీరు ఎచటివరకు వచ్చెనో వ్రాయుట మాత్రమే వారి పని. ఆ వ్రాతను గ్రామసభలో చదివించి, తప్పు దిద్దు భారము పెద్దలది. మరియు మట్టికై అడ్డదిడ్డముగా త్రవ్విన గుంతలు చెరువులలో పొంచియున్నవి. వానిలో పసిప్రాణములు పోవుచున్నవి. ఉపాధ్యాయుడును, ఈత తెలిసిన పెద్దలును తోడులేనిదే ఏ బిడ్డయు గట్టు దిగరాదు. కొలత నీటిలో దిగి కాదు, తూము మెట్లమీద గీసిన గుర్తులనుండి తీయవలెను.

కాబట్టి కాటారము మొదలుకొని ప్రతి గ్రామపు పెద్దలకును మా విన్నపము. ఉపాధ్యాయులు నెలకొక పూట కేటాయింతురు గాక. పంచాయతీ, సరిహద్దు రాళ్లను మరల పాతించి, ఏడాదికొకసారి పిల్లల లెక్కను సభలో వినును గాక. చెరువంచున భూములున్న కామందులు అందరికంటె ముందు తమ గట్టునే కొలువుమని పిల్లలను పిలుతురు గాక. ఈ మూడవది జరిగిననాడు తక్కిన రెండును వాటంతట అవే జరుగును.

ప్రతి యాశ్వయుజమునను మన యాడపడుచులు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి యాడి, తుదకు చెరువున విడుతురు. ఆ బతుకమ్మను విడుచుటకు చాలినంత నీరు, చాలినంత చోటు మన మనుమరాండ్రకు మిగులునా యనునదియే ప్రశ్న. స్వరాజ్యమనగా ఢిల్లీలోని సింహాసనము మాత్రమే కాదు. మన యూరి నీటి లెక్కను మనమే నిజాయితీగా వ్రాసికొనుట కూడ స్వరాజ్యమే. ఆ లెక్కను తప్పులేక వ్రాయగల చేతులు బడిలో పలకలు పట్టుకొని యున్నవి. వానికి చెరువు నప్పగించి, ఆ చేతులు వ్రాసినదానికి మనము కట్టుబడి యుందుము గాక.