మేరీ వైజ్ గారికి, బెంచీ చివరి కుర్చీ నుంచి

మేరీ వైజ్ గారికి,

2024 డిసెంబరు 22న లూయీవిల్‌లో జరిగిన అమెరికా కాలేజీ మహిళల వాలీబాల్ ఫైనల్‌ని అర్ధరాత్రి దాటాక ఫోన్లో చూశాను. రెండు బెంచీల ముందూ కోచ్‌లు ఆడవాళ్లే. పెన్ స్టేట్‌కి కేటీ షూమేకర్-కాలీ, లూయీవిల్‌కి డానీ బస్‌బూమ్ కెల్లీ. 1981 నుంచి నడుస్తున్న ఆ పోటీలో అలా జరగడం అదే మొదలు. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుంటూనే జట్టును నడిపిన కేటీ గెలిచారు. ఆ టైటిల్ కొట్టిన తొలి మహిళా కోచ్ ఆవిడే. అందరూ ఆవిడ గురించి రాశారు, రాయాల్సిందే. నాకు మాత్రం మీరు గుర్తొచ్చారు.

2003లో మీకంటే ముందు ఏ మహిళా కోచ్ జట్టూ ఫైనల్ గడప తొక్కలేదు. ఆ ఏడు సదరన్ కాలిఫోర్నియా చేతిలో, మళ్లీ 2017లో నెబ్రాస్కా చేతిలో ఓడారు. పర్డ్యూలో ఆడి, 21 ఏళ్లకే అయోవా స్టేట్‌కి హెడ్ కోచ్ అయ్యారు. (ఆ వయసులో నేను బీపీఈడీ సీటు కోసం షాట్‌పుట్ విసరడం నేర్చుకుంటున్నాను.) ఆ తర్వాత ఫ్లోరిడాలో 34 సీజన్లు. మొత్తం మీద వెయ్యికి పైగా గెలుపులు. అయినా "కప్పు లేదుగా" అనేవాళ్లు అంటూనే ఉన్నారు.

నేను కోస్తా ఆంధ్రలో ఒక మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పొద్దున ఐదున్నరకి నెట్ కట్టించేది, సున్నం గీతలు గీయించేది, సెట్టర్ బొటనవేలికి టేపు చుట్టేది నేనే. యూనివర్సిటీ జట్టుతో పోటీలకి వెళ్లేటప్పుడు మాత్రం ఫారంలో 'కోచ్' గడిలో ఒకాయన పేరుండేది, నా పేరు 'లేడీ మేనేజర్' గడిలో ఉండేది. రైలు టికెట్లు, డీఏ లెక్కలు, నొప్పి స్ప్రే నా సంచీలో. బెంచీ చివరి కుర్చీ నాది. ఓసారి ఐదో సెట్లో 13-13 దగ్గర టైమౌట్. ఆయన చెబుతుంటే మా సెట్టర్ ఆయన భుజం మీదుగా నా వైపు చూసింది. సంచీ మీద నాలుగు వేళ్లు ఆనించాను. బంతి నాలుగో పొజిషన్‌కే లేపింది, పాయింటొచ్చింది. గెలిచాం. మర్నాడు పేపర్లో ఫొటో కింద ఆయన పేరు పడింది. ఫొటో అంచున నా చెయ్యి, మోచేతి దాకా.

మీ దేశంలో కథ వేరుగా ఉంటుందనుకునేదాన్ని. 1972లో, చదువుల్లో ఆడ-మగ వివక్షని నిషేధించిన టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి అక్కడి కాలేజీల మహిళా జట్లలో 90 శాతానికి పైగా ఆడవాళ్లే కోచ్‌లట. చట్టంతో స్కాలర్‌షిప్పులొచ్చాయి, బడ్జెట్లొచ్చాయి, చెప్పుకోదగ్గ జీతాలొచ్చాయి. జీతాల వెనకాలే మగవాళ్లూ వచ్చారు. స్త్రీల క్రీడా విభాగాల్ని పురుషుల విభాగాల్లో కలిపేశారు. ఉద్యోగం ఇచ్చే చెయ్యి మారింది. ఆడవాళ్ల వాటా సగం కంటే కిందికి పడింది. ఆడపిల్లకి ఆట దక్కింది, ఆడి పెద్దయినదానికి కొలువు చేజారింది.

2025 మొదట్లో మీరు దిగిపోయారు. మీ స్థానంలోకి ర్యాన్ థైస్ వచ్చారు. ఆయన సమర్థుడే, ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే నెబ్రాస్కాలో జాన్ కుక్ తప్పుకుంటే, 2006లో ఆయన జట్టులో ఆడి కప్పు గెలిచిన డానీ ఆ కుర్చీలో కూర్చున్నారు. అందుకే మిమ్మల్ని అడగాలనిపించింది. ఇన్నేళ్లలో మీ దగ్గర ఆడిన, పనిచేసిన ఆడవాళ్లలో హెడ్ కోచ్ ఉద్యోగానికి ఎందరు దరఖాస్తు పెట్టారు? పెట్టనివాళ్లు ఎందుకు ఊరుకున్నారు? ఊళ్లు పట్టి తిరగాల్సిన రిక్రూటింగా, ఇంట్లో పిల్లలా, "మనకెక్కడిస్తార్లే" అని ముందే అనేసుకోవడమా? మీరు ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ ఈ పని చేశారు. మ్యాచ్ కోసం ఊరు వదిలిన రోజు ఇంట్లో వంటెవరు చేశారో, జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన ఎవరు పడుకున్నారో రాయండి. గెలిచిన మ్యాచ్‌ల లెక్క ఎటూ రికార్డుల్లో ఉంది.

మా సెట్టర్ ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ. మొన్న జిల్లా జట్టుతో వెళ్లింది, లేడీ మేనేజర్‌గా. మీ జవాబొస్తే తెలుగు చేసి ముందు దానికే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్