స్టాంపు కంటే ముందు పేరు చూసుకోండి

మా ఖాలూ ఇంతెఖాల్ అయిన ఖబర్ రియాద్‌లో ఉన్న ఆయన కొడుక్కి పది నిమిషాల్లో చేరింది. వాడు అరకు చేరడానికి మాత్రం ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. బాప్ జనాజాకు భుజం పట్టలేకపోయాడు. చాలీస్వాఁకు వచ్చి ఖబరస్తాన్‌లో నిలబడ్డాడు.

టికెట్‌కు పైసలున్నాయి. సెలవు ఇచ్చారు. ఇఖామా గడువు ఇంకా ఉంది. అడ్డుపడింది కొత్త పాస్‌పోర్ట్. పాతదానికి పదేళ్లు నిండుతున్నాయని అంతకు రెండు నెలల ముందే మార్పించుకున్నాడు. "పాత పాస్‌పోర్ట్ మీదున్నదంతా కొత్తదాని మీదికి ఎక్కించాలి భాయీజాన్, ఆఫీసోళ్లు కల్ కల్ అంటున్నారు" అని ఫోన్‌లో ఏడ్చాడు. ఆ కల్ నెల దాటింది.

మనవాళ్లు ఇప్పటికీ దీన్ని "స్టాంపు మార్చడం" అంటారు. నిజానికి గల్ఫ్‌లో ఆ స్టాంపులు చాలావరకు పోయాయి. ఖతర్ 2015లో, కువైట్ 2019లో, యూఏఈ 2022లో రెసిడెన్సీ స్టిక్కర్ ఆపేశాయి. ఇప్పుడు కార్డు, దాని వెనక కంప్యూటర్ రికార్డు. సౌదీలో పాస్‌పోర్ట్ మారితే జవాజాత్ రికార్డులో కొత్త నంబర్ ఎక్కించాలి. దాన్నే అరబీలో నఖల్ మాలూమాత్ అంటారు. నఖల్, మాలూమాత్ రెండూ ఉర్దూలో మనకు తెలిసిన లఫ్జులే. కానీ కంపెనీలో పనిచేసేవాడి తరఫున ఆ పని చేయించాల్సింది కంపెనీయే. అది అయ్యేదాకా కొత్త పాస్‌పోర్ట్ మీద రీ-ఎంట్రీ వీసా రాదు. ఎవరో ఒక గుమాస్తా బల్ల మీద కాగజ్ కదలకపోతే, ఇక్కడ ఒక కొడుకు బాప్‌కు మట్టి ఇవ్వలేడు.

మావాడి విషయంలో ఇంకో చిక్కు కూడా పడింది. పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఇంగ్లీషులో 'కె'తో ముగిసేది. కొత్తది ఆధార్ ప్రకారం చేయించుకున్నాడు, చివర ఒక 'హెచ్' వచ్చి చేరింది. ఇఖామా రికార్డులో ఆ హెచ్ లేదు. ఇద్దరూ ఒక్కడేనా అని మళ్లీ కాగితాలు అడిగారు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. షేఖ్ అని రాయాలంటే షీన్, యే, ఖే... మూడే హరఫులు. ఉస్తాద్ ముందు ఎవరికీ ఏ పేచీ ఉండేది కాదు. అదే పేరు రేషన్ కార్డు మీద తెలుగులో షేక్ అయింది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంగ్లీషులో ఒక రకం, ఆధార్‌లో మరో రకం. ముహమ్మద్‌కైతే లెక్కే లేదు. ఒక చోట నిండుగా, ఒక చోట 'ఎండీ' అని రెండు అక్షరాల్లో. మన ఆడవాళ్ల పేర్లయితే చాలా పాస్‌పోర్ట్‌ల్లో ఇంటిపేరు గడి ఖాళీ. 2022 నవంబర్‌లో యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద రానివ్వమన్నప్పుడు ఈ ఖాళీ గడి ఎంత పనిచేస్తుందో చాలా ఇళ్లలో తెలిసింది.

అరకు కొండల్లో ఈ ముసీబత్ మనకొక్కరికే కాదు. నా నౌకరీ మీద పాడేరు, అనంతగిరి ఊళ్లు తిరుగుతుంటాను. ఆదివాసీ ఇళ్లలో ఒక్కో కార్డు మీద ఒక్కో స్పెల్లింగ్, చాలామందికి పుట్టిన తారీఖు జనవరి ఒకటి. రాసుకున్నది ఎవరో గుమాస్తా, మోసేది మాత్రం ఆ మనిషి జిందగీ అంతా. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా విడిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక పాత పాస్‌పోర్ట్‌లోని జిల్లా కూడా మారింది. అయితే దానికి ఘబరాయించకండి. చిరునామా మారడం వేరు, పేరు మారడం వేరు. వీసా రికార్డు పేరు, పుట్టిన తారీఖు, పాస్‌పోర్ట్ నంబర్ చూస్తుంది. మీ మండలం ఏ జిల్లాలో ఉందో చూడదు.

కొందరు పెద్దలు నాతో అంటారు: "ఎవరి కాగజ్ వాళ్లు చూసుకోవాలి, సర్కార్‌నో కఫీల్‌నో ఏమంటాం?" సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఒప్పుకోను. 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి. సౌదీ నిబంధనలు కూడా దాన్ని యజమాని దగ్గర పెట్టుకోవడానికి ఒప్పుకోవు. అయినా ఎన్నో కంపెనీల బీరువాల్లో మన పిల్లల పాస్‌పోర్ట్‌లు పడి ఉన్నాయి. చేతిలో లేని పాస్‌పోర్ట్‌ను టైముకు ఎవడు మార్చుకుంటాడు? మార్చుకున్నా రికార్డులో ఎక్కించే పని కంపెనీ చేతిలో ఉన్నప్పుడు, ఆలస్యానికి జవాబు కూడా కంపెనీయే చెప్పాలి. కొత్త పాస్‌పోర్ట్ చేతికిచ్చే రోజే మన ఎంబసీ ఆ విషయాన్ని కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, ఒక గడువు పెట్టాలి. ఇక్కడ కొండ మీద పాస్‌పోర్ట్ పని అంటే కొండ దిగి చాలా దూరం వెళ్లాలి. ఏడాదికి ఒకసారైనా పాడేరులోనో అరకులోనో క్యాంపు పెట్టి, పోయేవాళ్ల కాగితాల్లో పేర్లు కలుస్తున్నాయో లేదో చూసి చెబితే సర్కార్‌కు పోయేదేముంది?

అది జరిగేదాకా మనం చేయగలిగినవి ఉన్నాయి. పిల్లాడు మొదటి పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు పెట్టకముందే పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి ఒక్కో హరఫు చదవండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించండి. పరదేశ్‌లో ఉండగా రెన్యూవల్ చేస్తుంటే, వీసా చెల్లుతున్నంత కాలం స్పెల్లింగ్ జోలికి పోకండి. తప్పదంటే ముందే కంపెనీకి చెప్పి, ఆ దేశంలో ఏమేం కాగితాలు అడుగుతారో కనుక్కున్నాకే ముట్టుకోండి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, చివరి నెలదాకా ఆగకండి.

పాత పాస్‌పోర్ట్ రద్దయిందని పారేయకండి, చించకండి. అమెరికా వీసా ఉన్నవాళ్లకైతే మరీ ముఖ్యం. పాస్‌పోర్ట్ గడువు తీరినా దాంట్లోని వీసా గడువు ఉంటే అది చెల్లుతుంది. పాతది, కొత్తది రెండూ చేతిలో పెట్టుకుని ప్రయాణం చేయాలి. ఆ వీసా పేజీని చింపి కొత్తదానికి అంటించారా, వీసా పోయినట్టే.

మావాడు తిరిగి రియాద్ వెళ్లే ముందురోజు ఖాలా సందూక్ తెరిచింది. ఖాలూ రేషన్ కార్డు, మావాడి స్కూల్ సర్టిఫికెట్, చిన్నోడి ఆధార్ అన్నీ తీసి నా ముందు పరిచింది. చిన్నోడికి వచ్చే ఏడు దుబాయ్ పంపాలని వాళ్ల ఆలోచన. "చదువు బేటా, ఒక్కో అక్షరం చదువు" అంది. మగ్రిబ్ దాకా కూర్చుని చదివాం. చిన్నోడి పేరులో రెండు తేడాలు దొరికాయి.